డురంటా గోడ, నూరువరహాల అంచు

ఇంటి ముందు మోకాలెత్తు పచ్చటి అంచు కావాలని నర్సరీకి వెళ్లినవాళ్లు ఎక్కువగా రెండు మొక్కల దగ్గర ఆగిపోతారు. ఒకటి గోల్డెన్ డురంటా. రెండోది పొట్టి రకం నూరువరహాలు. నర్సరీవాళ్లు దాన్ని మినీ ఇక్సోరా అంటారు. కడియం, కడియపులంక వైపు వెళ్తే రెండూ కనిపిస్తాయి. రెండూ ఏడాది పొడవునా ఆకుతో ఉంటాయి, రెండూ కత్తిరించేకొద్దీ గుబురెక్కుతాయి. అందుకని రెండింటినీ ఒకే పనికి నాటుతున్నాం. ఒకే తోటమాలి ఒకే పెద్ద కత్తెరతో, ఒకే రోజున, ఒకే ఎత్తుకు కోసేస్తాడు. కొన్నేళ్లకు డురంటా అడుగున ఆకు లేక బోసికాళ్లతో నిలబడుతుంది. నూరువరహాలు ఏడాదికి నాలుగు గుత్తులైనా పూయని పచ్చదిమ్మెగా మిగులుతుంది. అపార్ట్‌మెంట్ల ముందూ, కాలేజీ ఆవరణల్లోనూ, మునిసిపల్ పార్కుల్లోనూ ఇదే చూస్తున్నాను. చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ రెండు మొక్కలూ వాటి వాటి పద్ధతిలో చాలా మంచివి.

పొదకంచెను మెచ్చుకునేవాళ్లు సాధారణంగా కత్తిరించిన రోజు సాయంత్రం చూసి మెచ్చుకుంటారు. అప్పుడు గీత గీసినట్టు అంచు తేరి ఉంటుంది, రాలిన ఆకంతా ఊడ్చేసి ఉంటుంది. ఆ సాయంత్రం ఏ మొక్కయినా బాగానే కనిపిస్తుంది. కంచె మొక్కల మధ్య పోలిక పెట్టాల్సింది ఆ తర్వాతి రోజుల్లో అని నా నమ్మకం. ఒక కోతకూ మరో కోతకూ మధ్య మొక్క ఏం చేస్తోంది? తన ఆకారాన్ని ఎన్నాళ్లు తనే నిలుపుకుంటోంది? ఆ గడువులో మన కంటికీ, తోటకు వచ్చే సీతాకోకచిలుకలకూ ఏమిస్తోంది? ఇలా అడుగుతూ పోతే డురంటా, నూరువరహాలు పూర్తిగా వేరు వేరు దారుల్లో నడిచే మొక్కలని తెలుస్తుంది.

ముందు డురంటా. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న వేడి ప్రాంతాలు, కరీబియన్ దీవులు. మన బంజర్లలో పాకిపోయిన లాంటానాదీ దీనిదీ ఒకే కుటుంబం. తన మానాన వదిలేస్తే మనిషిని మించిన పొదగా పెరిగి, వంగిన కొమ్మల చివర ఊదారంగు పూలు పూసి, తర్వాత పసుప్పచ్చటి కాయల గుత్తులు వేస్తుంది. మనం అంచుకు వాడేది అందులోంచి ఏరుకున్న పసుపాకు రకం. ఈ రకానికి అందమంతా ఆకులోనే ఉంది, ఆ రంగు నిలవాలంటే రోజంతా ఎండ తగలాలి. చెట్ల కిందో, మూడంతస్తుల మేడకు ఉత్తరం పక్కనో నాటితే కొన్నాళ్లకు మామూలు ఆకుపచ్చకు తిరిగిపోతుంది. బంగారు రంగు కోసం డబ్బిచ్చి కొన్న మొక్కను నీడలో పెట్టడం కంటే వృథా లేదు. అయినా నీడ అంచుల్లోనూ ఇదే మొక్క కనిపిస్తూనే ఉంటుంది.

డురంటా గొప్పతనం వేగంలో ఉంది. అడుగు దూరంలో నాటిన చిన్న చిన్న మొక్కలు ఒక వానాకాలం దాటేసరికి ఒకదాన్నొకటి అందుకుంటాయి. కొమ్మ ముక్క గుచ్చితే వేరు పోసుకుంటుంది కాబట్టి ధర తక్కువ. నేల ఎర్రదైనా నల్లదైనా పెద్దగా పట్టించుకోదు. కొత్తగా కట్టిన ఇంటికి ఆర్నెల్లలో ఒక రూపు కావాలంటే దీన్ని మించింది లేదు. కానీ ఆ వేగం మన పని అయిపోయిందని ఆగదు. తొలకరి పడ్డాక రెండు మూడు వారాలకే పైనుంచి రెమ్మలు తన్నుకొస్తాయి, అంచు చెదిరిపోతుంది, మళ్లీ కత్తెర పట్టాల్సిందే. కోతకూ కోతకూ మధ్య డురంటా చేసే పని ఒక్కటే, మనం ఇచ్చిన ఆకారంలోంచి బయటపడటం.

ఆ కోతల వెనుక ఒక యంత్రాంగం ఉంది, దాన్ని తెలుసుకోకుండా కంచెను కాపాడటం కష్టం. ప్రతి కొమ్మ చివరా ఉండే మొగ్గ ఆక్సిన్ అనే రసాయనాన్ని కిందికి పంపుతూ పక్క మొగ్గల్ని నిద్రలో ఉంచుతుంది. చివర తుంచేస్తే ఆ అదుపు పోయి పక్క మొగ్గలు లేస్తాయి, ఒక కొమ్మ రెండవుతుంది. ఇందువల్లే కత్తిరిస్తే గుబురు వస్తుంది. పెద్ద కత్తెరతో ఏళ్ల తరబడి ఒకే మట్టానికి కోస్తూ పోతే ఆ చీలికలన్నీ పైపొరలోనే జరుగుతాయి. నాలుగు వేళ్ల మందాన చిక్కటి ఆకు పెంకు తయారవుతుంది, లోపలికి వెలుతురు దిగదు, లోపలి ఆకు రాలిపోతుంది, పుల్లలు మిగులుతాయి. డురంటాలో ఇంకో చిక్కు కూడా ఉంది. బంగారు రంగు ఎండ తగిలే పైఆకుకే ఉంటుంది, కాస్త లోతుగా కోస్తే కింది ఆకుపచ్చా ఎండుపుల్లలూ బయటపడతాయి. అది చూసి యజమాని కేకలేస్తాడని తోటమాలి లోతుగా కోయడు, ప్రతిసారీ పాత కోతకు ఒక వేలు పైనే కోస్తాడు. అలా అడుగున్నర వెడల్పు అంచు కొన్నేళ్లలో మూడడుగులై కాలిబాటను మింగేస్తుంది. ఇందులో తోటమాలిని తప్పుపట్టలేను. వేగంగా పెరిగే మొక్కను కదలకుండా నిలబెట్టమని అతని మణికట్టుకు అప్పజెప్పింది మనం.

ఇలాంటి గీత కంచెలకు యూరప్ తోటల్లో పేరు తెచ్చింది బాక్స్‌వుడ్. పదిహేడో శతాబ్దంలో లె నోత్ర్ తీర్చిన వెర్సై తోటల్లాంటి చోట్ల నేల మీద లతల ముగ్గుల్ని ఆకుతోనే గీసింది ఈ మొక్క. దాని అసలు సుగుణం నెమ్మది. ఇంగ్లండ్‌లో పాతకాలపు తోటమాలులు జూన్ మొదట్లో జరిగే డెర్బీ గుర్రప్పందేల రోజును గుర్తుగా పెట్టుకుని బాక్స్‌ను కత్తిరించేవారు. ఏడాదికి ఒకటి రెండు కోతలతో గీత నెలల తరబడి చెదరకుండా ఉండేది. మన మైదానాల వేడికి ఆ మొక్క నిలవదు. విల్లా ప్రకటనల బొమ్మల్లోని గీత మాత్రం మనకు నచ్చింది. ఆ గీతను తెచ్చుకుని, దాన్ని నిలబెట్టే నెమ్మదిని వదిలేసి, ఆ పనిని డురంటా నెత్తిన పెట్టాం. ఏడాదికి రెండు కోతల పనిని పదిహేను ఇరవై కోతల పనిగా మార్చుకున్నాం.

బాక్స్ కథలో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. 1990ల మధ్యలో ఇంగ్లండ్‌లో ఒక బూజు తెగులు ఆ మొక్కకు పట్టుకుంది. 2007లో జర్మనీలో తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక చిమ్మట కనిపించింది, దాని గొంగళిపురుగులు బాక్స్ ఆకును మిగల్చకుండా తినేస్తాయి. వరస పొడవునా ఒకే మొక్క ఉండటంతో రెండూ అడ్డం లేకుండా పాకిపోయాయి. మన డురంటా అంచులు కూడా కొమ్మ ముక్కల నుంచి పెంచినవే, అంటే వంద మొక్కలున్నా స్వభావంలో ఒక్కటే మొక్క. వీధి పొడవునా అదొక్కటే నాటేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఇప్పుడు నూరువరహాలు. ఎర్రపూల ఇక్సోరా దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క, కాఫీ కుటుంబానిది. నర్సరీల్లోని పొట్టి రకాల్లో చైనా వైపు జాతుల నుంచి వచ్చినవీ ఉన్నాయి. రెండు మూడడుగుల ఎత్తులో ఆగే ఈ రకాల ఆకు చిన్నది, దళసరిది, కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం పూత వచ్చే తీరు. నూరువరహాల గుత్తి కొమ్మ చివరే పుడుతుంది. చివరి మొగ్గ పూగుత్తిగా మారిపోవడంతో ఆ కొమ్మ ప్రయాణం అక్కడితో ఆగుతుంది. పూలు రాలాక కిందున్న జత ఆకుల పక్కనుంచి రెండు కొత్త రెమ్మలు లేస్తాయి. అవి కొంత పెరిగి మళ్లీ పూతతో ఆగుతాయి, మళ్లీ చీలతాయి. డురంటాలో కత్తెరతో మనం చేయించే పనిని ఇక్కడ పువ్వే చేస్తోంది. పూసిన ప్రతిసారీ మొక్క తనంతట తాను గుబురెక్కుతోంది. కోతకూ కోతకూ మధ్య నూరువరహాలు తన ఆకారాన్ని తనే అల్లుకుంటుంది, పైగా ఆ అల్లికను పూలతో చేస్తుంది. పొడవాటి సన్నటి పూగొట్టాల్లోంచి తేనె తాగడానికి సీతాకోకచిలుకలు రోజంతా తిరుగుతుంటాయి. పూజకు నాలుగు గుత్తులు తెంపుకున్నా, తెంపిన చోట మళ్లీ రెండు రెమ్మలు వస్తాయి.

ఇంత చక్కటి ఏర్పాటును పెద్ద కత్తెర ఒక్క ఉదయంలో తుడిచేస్తుంది. రెమ్మ చివర్లన్నీ ఒక్కసారిగా పోతే రాబోయే పూత మొత్తం పోయినట్టే. కొత్త రెమ్మలు ముదిరి మొగ్గ తొడగడానికి వారాలు చాలవు, నెలలు పడుతుంది. ఆలోగా డురంటాతో పాటు దీని మీదా మళ్లీ కత్తెర పడుతుంది. ఇలా మొక్క ఎన్నటికీ పూతకు చేరుకోదు. నూరువరహాలకు కావలసింది చేతి సికేచర్. పూలు వాడిన గుత్తిని దాని కింది రెండు జతల ఆకులతో సహా తీసేయాలి, గీత దాటి లేచిన కొమ్మను పొద లోపల ఇంకో కొమ్మ చీలిన చోటి దాకా వెతికి కోయాలి. కోసిన చోటు బయటికి కనిపించదు, ఆ సందులోంచి లోపలికి వెలుతురు దిగుతుంది. పని నెమ్మది, నిజమే. పది గజాల అంచుకు పూటంతా పట్టొచ్చు. కానీ ఆ పూట ఏడాదిలో రెండు మూడుసార్లే వస్తుంది. అంచు కాస్త గుండ్రంగా, కాస్త వదులుగా ఉంటుంది, రూళ్లకర్ర పెట్టి గీసినట్టు ఉండదు. ఆ వదులుతనాన్ని నేను అందం కిందే లెక్కేస్తాను. తప్పనిసరిగా గీతే కావాలనుకునేవాళ్లు నూరువరహాల జోలికి రాకపోవడమే దానికి మేలు.

ఇంతవరకూ తూకం నూరువరహాల వైపే మొగ్గింది. నేల దగ్గరికి వచ్చేసరికి డురంటా గట్టిగా నిలబడుతుంది. నూరువరహాలకు కొంచెం పులుపు నేల కావాలి. సున్నం పాలు ఎక్కువున్న నల్లరేగడిలో, ఉప్పగా ఉండే బోరు నీళ్లతో పెరిగే తోటల్లో నేలలో ఇనుమున్నా దాని వేళ్లు తీసుకోలేవు. కొత్త ఆకు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పాలిపోయి పసుపుగా వస్తుంది. కొత్తగా సిమెంటు పూసిన ప్రహరీగోడ పక్కన నాటితే ఈ పసుపు ఇంకా తొందరగా కనిపిస్తుంది, ఎందుకంటే గోడనుంచి రాలిన సున్నం, సిమెంటు పొడి మట్టిలో కలిసి ఉంటాయి. చాలామంది దీన్ని నీళ్లు చాలకపోవడం అనుకుని అదే బోరు నీళ్లు ఇంకా పోస్తారు, లేదా యూరియా చల్లుతారు. రెండూ పనికిరావు. బత్తాయి, నిమ్మ రైతులకు తెలిసిన మందే ఇక్కడా పనిచేస్తుంది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట లేత ఆకు తడిసేలా పిచికారీ చేసి, పది పదిహేను రోజులకు మరోసారి చేయాలి. అయితే అది తాత్కాలికమే. నాటేటప్పుడే అడుగున్నర లోతు కాలువ తీసి, సిమెంటు పెళ్లలు ఏరేసి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు నింపి, మొక్కల్ని గోడకు రెండడుగులు ఎడంగా పెట్టి, మొదళ్లలో ఎండుటాకు కప్పుతూ ఉంటే అసలు నయం.

కోనసీమ ఇళ్ల ముందు, ఉత్తరాంధ్ర ఎర్రనేలల్లో, వాన నీరు బాగా దొరికే చోట్ల నూరువరహాలు ఇంత సేవ అడగకుండానే పెరుగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల కఠిన జలం మీద బతికే కాలనీల్లో అడుగుతుంది, ఆ సేవ చేయలేమనుకునేవాళ్లకు డురంటానే నయం. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. డురంటాలో ఇనుము లోపం వచ్చినా ఆకు మామూలుగానే పసుపు కాబట్టి తొందరగా తెలియదు. ఆరోగ్యానికి గుర్తని మనం అనుకునే బంగారు రంగు కొన్నిసార్లు ఆకలి పసుపు కూడా కావచ్చు. కొత్త ఆకు తెల్లగా పాలిపోయి, అంచులు మాడుతుంటే అనుమానించాలి.

ఈ రెండింటికీ నడిమి దారిగా కొందరు నాగగొలుగును చూపిస్తారు. నర్సరీల్లో మురయా, కామినీ అంటారు. నిగనిగలాడే చిన్న ఆకు, కత్తిరింపును ఓర్చుకునే గుణం, వాన పడ్డాక ఒక్కసారిగా విచ్చుకునే పరిమళాల తెల్లటి పూలు. బాక్స్ గీతకు మన నేల మీద అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే. మొదటి రెండేళ్లు విసుగు పుట్టించేంత నెమ్మదిగా పెరుగుతుంది, తర్వాత నిలకడగా ఉంటుంది. పట్టణం ఇంటికి నేను దీన్ని సంతోషంగా సిఫారసు చేస్తాను. బత్తాయి, నిమ్మ తోటలున్న చోట మాత్రం వద్దంటాను. నాగగొలుగు నిమ్మ కుటుంబపు మొక్క, గ్రీనింగ్ తెగులును మోసే సిల్లా పురుగుకు ఇష్టమైన నెలవు. ఆ పురుగు గుడ్లు పెట్టేది లేత చిగుళ్ల మీదే. కంచెను తరచూ కత్తిరిస్తే ఏడాదంతా లేత చిగురు వస్తూనే ఉంటుంది, అంటే పురుగుకు ఏడాదంతా ఉయ్యాల కట్టినట్టే. అమెరికాలోని ఫ్లోరిడాలో 1998లో ఈ పురుగు కనిపించి, 2005లో తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు ఎంత నష్టపోయాయో ప్రపంచమంతా చూసింది. నల్గొండ బత్తాయి పక్కన, గూడూరు నిమ్మ పక్కన ఫామ్‌హౌస్ కట్టుకునేవాళ్లు అందం కోసం ఈ కంచె వేయడం పొరుగు రైతుకు చేసే అన్యాయం. కరివేపాకు కూడా ఆ పురుగుకు ఆశ్రయమే అయినా, పెరట్లో ఒక చెట్టు వేరు, వంద గజాల కంచె వేరు.

గోరింటను కూడా కంచెగా పెంచే అలవాటు మనకు పాతదే. నీటి ఎద్దడికి ఓర్చుకోవడంలో పై మూడూ దానికి సాటిరావు. కానీ నడివేసవిలో ఆకు పలచబడుతుంది, అడుగు తొందరగా ఖాళీ అవుతుంది, మోకాలెత్తులో ముద్దగా నిలవడం దాని స్వభావంలో లేదు. దాన్ని ఛాతీ ఎత్తు కంచెగా పెంచి, ఆషాఢంలో ఆడపిల్లలు ఆకు దూసుకోవడానికి వదిలేయడమే సరైన వాడకం. ఆ దూయడం తొలకరి తర్వాత పడే కోత కాబట్టి మొక్కకూ మంచిదే.

డురంటాకైనా నూరువరహాలకైనా తప్పని సూత్రాలు కొన్ని ఉన్నాయి. తొలకరిలో నాటాలి. రెండు వరసలుగా, ఒక వరసలోని మొక్క రెండో వరస సందులోకి వచ్చేలా పెడితే అంచు తొందరగా కలుస్తుంది. కుదురుకోగానే మొక్కను సగానికి తుంచాలి. ఎత్తు వచ్చాక కత్తిరిద్దామని ఆగితే అడుగున కొమ్మలు రావు, తర్వాత తెప్పించడం కష్టం. అన్నిటికంటే ముఖ్యం, అంచు అడుగున వెడల్పుగా, పైకి వెళ్లేకొద్దీ సన్నగా ఉండాలి. మన దగ్గర తొంభై పాళ్లు దీనికి తలకిందులుగా కోస్తారు, పైభాగం గొడుగు పట్టి కింది ఆకును చీకట్లో చంపేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో లోతైన కోత వద్దు. అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు మాడిపోతుంది. పిండినల్లి, దాని వెనకే చీమలు, మసి తెగులు గాలి ఆడని పొదల్లోనే మొదలవుతాయి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టొచ్చు. లోపలి ఎండుపుల్లలు ఏరి గాలి ఆడేలా చేస్తే దాని అవసరం సగం తగ్గుతుంది. బడి ఆవరణల్లో డురంటాను వదులుగా పెంచి కాయకు రానివ్వకూడదు. ఆ పసుపు కాయలు పిట్టలు తింటాయి గానీ పిల్లలకు విషం.

బోసిపోయిన పాత అంచుల్ని పీకేయాలా అన్న ప్రశ్నకు కూడా ఈ రెండు మొక్కల జవాబులు వేరు. డురంటా మొండిది. జూన్ చివర మొదటి వానలు పడ్డాక మోకాలి కిందికి, అడుగు ఎత్తుకు మొత్తంగా కోసేసి, పాదులో ఎరువు వేసి తడి ఆరకుండా చూస్తే ముదురు కొమ్మల నుంచి కూడా చిగురిస్తుంది. దసరా నాటికి మళ్లీ అంచు రూపం వస్తుంది, అప్పుడైనా అడుగు వెడల్పుగా ఉండేలా కోతలు మొదలుపెట్టొచ్చు. నూరువరహాలను అలా ఒక్కసారి మొండెం చేస్తే కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది, నేల బాగాలేని చోట కొన్ని మొక్కలు చచ్చిపోతాయి కూడా. దాన్ని రెండు విడతల్లో బాగుచేయాలి. ఈ ఆషాఢంలో బాట వైపు ముదురు కొమ్మల్ని లోపలి దాకా కోసి, ఇంటి వైపు పక్కను ముట్టుకోకుండా వదలాలి. ఆ పక్క ఆకే మొక్కకు ఏడాదంతా తిండి పెడుతుంది. వచ్చే ఆషాఢంలో ఇంటి వైపు కోసేనాటికి బాట వైపు కొత్త రెమ్మలు చిక్కబడి మొగ్గ తొడిగి ఉంటాయి.